180 రూపాయల కాఫీలో ఏటుంది? విజయనగరం కాఫీ షాపుల రివ్యూ

హాయ్ అండీ, గంటస్తంభం దగ్గర్నుంచి బయల్దేరాను, పొద్దున్న పదికే ఎండ చూడండి ఎలా మండిపోతోందో, ఈ ఎండలో వేడి కాఫీ ఏటి అని మా ఆవిడ తిట్టింది కూడా. స్పెషాల్టీ కాఫీ అంటే మామూలు కాఫీకే పేరు మార్చి డబ్బులు గుంజడమేనా అని అడుగుతున్నారు కదా, కొన్నిచోట్ల అంతే అండి, అబద్ధం ఎందుకు.

అసలు లెక్కేంటంటే, రుచి చూడ్డంలో ట్రైనింగ్ అయినవాళ్లు కాఫీకి వందకి మార్కులేస్తారు, 80, ఆపైన వస్తేనే స్పెషాల్టీ. మనకి డిస్టింక్షన్ 75కే ఇచ్చీసేవారు, గుర్తుందా.

మొదటి షాపు, పేరు చెప్పను, సోఫాలు లైట్లు అదిరిపోయాయి, పక్క టేబుల్ వాళ్ల పాల కాఫీకి నురగ మీద హంస బొమ్మ కూడా వేశాడు. నేను పంచదార లేకుండా బ్లాక్ చెప్పాను, పాలు పంచదార పడితే ఏ కాఫీ అయినా తాగీయొచ్చు, బండారం బ్లాక్‌లోనే బయటపడుద్ది. మాడిన కొబ్బరిచిప్ప నాకినట్టుంది. గింజలు ఎప్పుడు వేపారు బాబూ అంటే "ఇప్పుడే సార్, మీ ముందే కదా మెషిన్‌లో వేశాం" అన్నాడు, అది పొడి కొట్టడం నాయనా! ప్యాకెట్ తిప్పి చూస్తే ఎక్స్‌పైరీ ఉంది గానీ వేపిన తేదీ లేదు. 180 రూపాయలు.

ఇప్పుడు కూర్చున్నది రెండోది, నాలుగు బెంచీలు, ఏసీ లేదు. ఈ కుర్రాడు ఆర్డర్ చెప్పాకే 15 గ్రాములు తూచి పొడి చేశాడు, పేపర్ ఫిల్టర్‌లో వేసి ముందు కొంచెం వేడినీళ్లు పోసి ఆగాడు, ఇదిగో దగ్గరగా చూడండి, పొడి ఎలా పొంగుతోందో, పులిసిన పిండిలాగ. వేపినప్పుడు గింజలో పట్టిన గ్యాస్ అది, పాతబడిన గింజైతే ఇలా పొంగదు, తడిసిన మట్టిలా పడుంటాది. నీళ్లు మొత్తం 250 ఎంఎల్, మూడు నిమిషాలు పట్టింది. బత్తాయి తొక్క గిల్లినట్టు వాసన, కొంచెం చల్లారాక బెల్లం తీపి తగిలింది, పంచదార చిటికెడు కూడా వెయ్యలేదు ఒట్టు.

గింజలు అరకువే, ప్యాకెట్ మీద 12 రోజుల కిందట వేపినట్టు తేదీ ఉంది. ఎస్.కోట, అదే శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే సిల్వర్ ఓక్ చెట్ల నీడన, పక్కనే మిరియాల తీగలు, ఆ తోటలే. ఎర్రగా పండినవే ఏరి కొయ్యాలి, పచ్చికాయలు కలిసిపోతే వగరొచ్చేస్తాది, కష్టమంతా అక్కడుంది. 2017లో పారిస్‌లో అరకు కాఫీకి షాపు పెట్టారు, 2019లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఆ ప్రాంతం సరుకే అని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, పక్కూరోళ్లం మనం మాత్రం ఇన్‌స్టంట్ సాషే చింపుకుంటున్నాం. అలాగని చికోరీ అనే వేరు పొడి కలిపిన ఫిల్టర్ కాఫీని తక్కువ చెయ్యట్లేదండోయ్, మా అమ్మ కొట్టీగలదు, అది వేరే రుచి.

ఇక్కడ కప్పు 160. పాల కాఫీ మాత్రం చెప్పకండి, పాలు మరిగించి మరిగించి పాయసం చేసీసాడు. పార్కింగ్ కూడా లేదు, బండి సందు చివర పెట్టుకోవాలి. లొకేషన్ స్క్రీన్ మీద వేశాను. బ్లాక్ ఇంకోటి చెప్పాను, అదిగో నీళ్లు పోస్తున్నాడు, ఉండండి పొంగుతోందో లేదో చూసొస్తా.