రెండు ఫోన్లు, రెండు చప్పట్లు: ధ్వని వేగం పిల్లలతోనే కొలిపిద్దాం

సార్లకీ మేడమ్స్‌కీ అందరికీ నమస్కారమండి. ఇవాళ ఒకే ఒక్క ప్రయోగం చూపిస్తాను. రెండు ఫోన్లు, ఒక కొలత టేపు ఉంటే చాలు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. చాలా ఏళ్ళు ధ్వని పాఠం రాగానే గాల్లో వేగం సెకనుకి 343 మీటర్లు అని బోర్డు మీద రాసేసేవాణ్ణి, పిల్లలు నోట్సులోకి ఎక్కించుకునేవాళ్ళు, పరీక్ష అయిన నెలకి అడిగితే ఒక్కరికీ గుర్తుండేది కాదు. ఎవరో కొలిచిన అంకె, వాళ్ళకి దాంతో ఏం సంబంధం ఉంటుంది చెప్పండి? పదో తరగతి దాటి వెళ్ళిపోయాక కూడా పిల్లాడు సొంతంగా నేర్చుకుంటూ ఉండాలంటే, దేన్నైనా నేనే కొలిచి చూసుకోగలను అన్న ధైర్యం ఇప్పుడే రావాలి, నా నమ్మకం అది.

సరే, స్క్రీన్ చూడండి. ఈ యాప్ పేరు ఫైఫాక్స్. జర్మనీలో ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో తెచ్చారు, ఉచితం, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ వస్తుంది, ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే క్లాసులో నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఇందులో అకౌస్టిక్ స్టాప్‌వాచ్ అని ఉంది చూశారా, అది నొక్కండి, మైక్ పర్మిషన్ అడిగితే ఇచ్చేయండి. ఒక చప్పుడు వినగానే గడియారం మొదలవుతుంది, రెండో చప్పుడుకి ఆగుతుంది. థ్రెషోల్డ్ అని ఒక గడి ఉంది కదా, అంటే ఎంత గట్టి చప్పుడైతే గడియారం కదలాలో చెప్పే అంకె, క్లాసులో గోల ఎక్కువుంటే ఆ అంకె కొంచెం పెంచండి, లేకపోతే బెంచి జరిగిన చప్పుడుకే మొదలైపోతుంది. ఫోన్లు రెండూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే మొత్తం మళ్ళీ మొదటికి.

ఇప్పుడు వరండాలో టేపుతో సరిగ్గా 10 మీటర్లు కొలిచి రెండు చివర్లా రెండు స్టూళ్ళు, వాటి మీద ఫోన్లు. ఒక్కో ఫోన్ పక్కన ఒక్కో పిల్లాడు. రెండిట్లోనూ ప్లే గుర్తు నొక్కాక మొదటివాడు తన ఫోన్ దగ్గర గట్టిగా ఒక చప్పట్టు, ఒక క్షణం ఆగి రెండోవాడు తన ఫోన్ దగ్గర ఒక చప్పట్టు. అయిపోయింది. రెండు ఫోన్లలో రెండు వేరే టైములు వస్తాయి, మొదటివాడి ఫోన్‌లో ఎక్కువ, రెండోవాడి ఫోన్‌లో తక్కువ. ఎందుకు? ఇక్కడ దయచేసి చెప్పేయకండి, బొమ్మ గీయమనండి. మొదటి చప్పుడు అవతలి ఫోన్‌కి ఆలస్యంగా చేరింది, రెండో చప్పుడు ఇవతలి ఫోన్‌కి ఆలస్యంగా చేరింది, అంటే ఆ తేడాలో ధ్వని వెళ్ళిన 10 మీటర్లూ వచ్చిన 10 మీటర్లూ రెండూ ఉన్నాయి. అందుకే 20ని ఆ తేడాతో భాగించాలి.

మా పిల్లలు మార్చిలో చేశారు, బయట ఎండ 35 డిగ్రీలుంది. ఒక గుంపుకి తేడా 0.057 సెకన్లు వచ్చింది, లెక్కేస్తే 351. ఇంకో గుంపుకి 0.061 వచ్చింది, అంటే 328. మూడో గుంపుకి 370. వెంటనే గొడవ, సార్ ఎవరిది కరెక్ట్ అని. నాకు అసలైన క్లాసు అక్కడే మొదలైందండి. టేపు వదులుగా పట్టుకున్నారా, చప్పట్టు ఫోన్‌కి అడుగు దూరంలో కొట్టారా, ఒక్కసారే చేశారా పదిసార్లు చేసి సగటు తీశారా, వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు. పుస్తకంలో 343 ఉంటే మాకు 351 ఎందుకు అన్న అమ్మాయికి థర్మామీటర్ చేతికిచ్చాను. గాలి వేడెక్కేకొద్దీ వేగం డిగ్రీకి దాదాపు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది, 343 అన్నది 20 డిగ్రీల దగ్గరి సంగతి, ఆ పిల్ల మధ్యాహ్నం లోపు అక్కడిదాకా వచ్చేసింది.

తప్పు లెక్క వచ్చిన గుంపు మొహాలు వేలాడేసుకుంటే న్యూటన్ సంగతి చెప్పాను. 1687లో ప్రిన్సిపియా అనే తన పుస్తకంలో ఆయన ధ్వని వేగానికి వేసిన లెక్క కూడా అసలు వేగం కన్నా 15 శాతం దాకా తక్కువే వచ్చింది, ధ్వని వెళ్తున్నప్పుడు గాలి వేడెక్కి చల్లారడాన్ని కలుపుకుని దాన్ని సరిదిద్దింది ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్, అదీ 1816లో.

ఒక పిల్లాడు అడిగాడు, గాలి ఎదురుగా వీస్తే వేగం తగ్గుతుందా సార్ అని. జవాబు నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. మన కొలతలో ధ్వని వెళ్ళడమూ రావడమూ రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి గాలి వల్ల ఒకవైపు పోయింది రెండోవైపు దాదాపుగా తిరిగొచ్చేస్తుంది. మరి ఒకవైపు వేగమే కొలవాలంటే? అది వాడి పేరుతోనే క్లాసు ప్రశ్నల రిజిస్టర్లో రాయించాను, తేదీ వేసి, జవాబు గడి ఖాళీగా ఉంచి. గాలి బాగా వీచే రోజు చూసి గ్రౌండ్‌లో చేద్దామని ఇప్పుడు వాడే నా వెంట పడుతున్నాడు.