డాక్టర్ చదువుకు డబ్బు ఎవరిది? యూరప్‌లో సీఎంఈ అక్రెడిటేషన్

పెద్దలకు, డాక్టర్ మిత్రులకు, ఇంకా హౌస్ సర్జన్సీలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

యూరప్‌లో డాక్టర్ల నిరంతర వైద్య విద్య, అంటే సీఎంఈ గురించి, దానికి ఇచ్చే అక్రెడిటేషన్, అంటే గుర్తింపు గురించి మాట్లాడమన్నారు. నేను పనిచేసేది జర్మనీలో కాబట్టి అక్కడి సంగతులు కాస్త ఎక్కువగా వస్తాయి. సీఎంఈ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది క్రెడిట్ అవర్లు. ఎన్ని గంటలు కూర్చోవాలి, ఎన్ని పాయింట్లు వస్తాయి, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు అనే లెక్కలు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచే ప్రశ్న ఒకటుంది. కొత్త మందు గురించి మనకు పాఠం చెబుతున్న మనిషిని ఆ వేదిక ఎక్కించిందెవరు, ఆ హాలు అద్దె కట్టిందెవరు? అక్రెడిటేషన్ అనే ఏర్పాటు ఉన్నది ముఖ్యంగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే అని నేను నమ్ముతాను. గంటలు లెక్కపెట్టడానికి గోడ గడియారం చాలు.

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. యూరప్ మొత్తానికి ఒకే మెడికల్ కౌన్సిల్ లేదు. ఆరోగ్య వ్యవస్థను నడుపుకోవడం ఏ దేశానికి ఆ దేశం చేతిలో ఉన్న పని. డిగ్రీల గుర్తింపు మీద యూరోపియన్ యూనియన్ 2013లో సవరించిన ఆదేశం కూడా నిరంతర శిక్షణను సభ్య దేశాలు ప్రోత్సహించాలని చెబుతుందే తప్ప, ఇన్ని పాయింట్లు తప్పనిసరి అనదు. అందుకే ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. ఇటలీలో 2002లో మొదలైన విధానం ప్రకారం మూడేళ్లకు 150 క్రెడిట్లు కావాలి. అది నర్సులతో సహా ఆరోగ్య వృత్తుల వాళ్లందరికీ వర్తిస్తుంది. ఐర్లాండ్‌లో 2011 నుంచి చట్టప్రకారం తప్పనిసరి, ఏడాదికి 50. స్వీడన్‌లో అసలు తప్పనిసరి పాయింట్ల లెక్కే లేదు. స్పెయిన్‌లో ఎక్కువ భాగం స్వచ్ఛందమే.

జర్మనీలో మాత్రం చట్టం గట్టిది. 2004 నుంచి ప్రభుత్వ బీమా పేషెంట్లను చూసే డాక్టర్లు ఐదేళ్లలో 250 పాయింట్లు చూపించాలి. ఒక పాయింట్ అంటే 45 నిమిషాలు. ఇంట్లో కూర్చుని జర్నల్స్, పుస్తకాలు చదువుకున్నందుకు 50 పాయింట్లు రుజువు అడగకుండానే కలుపుతారు. డాక్టర్ మీద అంతమాత్రం నమ్మకం ఉంచడం నాకు నచ్చుతుంది. గడువులోగా చూపించకపోతే మొదటి నాలుగు త్రైమాసికాల ఫీజులో 10 శాతం కోత పడుతుంది, ఆ తర్వాత 25 శాతం. అప్పటికీ దారికి రాకపోతే బీమా పేషెంట్లను చూసే అనుమతికే ఎసరు వస్తుంది. ప్రతి డాక్టరుకూ 15 అంకెల నంబర్ ఒకటి ఉంటుంది. ఆ నంబరుతో బార్‌కోడ్ స్టిక్కర్లు ఇస్తారు. సదస్సుకు వెళ్లగానే రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఒక స్టిక్కర్ ఊడదీసి హాజరు పట్టీలో అంటిస్తాం. తర్వాత నిర్వాహకులు స్కాన్ చేసి పంపితే, పాయింట్లు నేరుగా డాక్టర్లను నమోదు చేసే మన రాష్ట్ర మెడికల్ ఛాంబర్‌లోని ఖాతాకు చేరతాయి. ఇదంతా చక్కగా నడుస్తుంది. కానీ ఆ స్టిక్కర్ చెప్పేది మనం వచ్చామనే. విన్నామా, నేర్చుకున్నామా అన్నది దానికి తెలియదు.

ఇన్ని దేశాలు ఇన్ని రకాలుగా ఉంటే, పోర్చుగల్ డాక్టర్ వియన్నాలో కాన్ఫరెన్సుకు వెళితే ఆ పాయింట్లు ఎవరు ఒప్పుకుంటారు? ఈ చిక్కు తీర్చడానికి పుట్టిందే ఈఏసీసీఎంఈ, అంటే సీఎంఈకి యూరప్ స్థాయిలో గుర్తింపు ఇచ్చే కౌన్సిల్. దాని మాతృసంస్థ యూఈఎంఎస్, అంటే యూరప్ స్పెషలిస్టు డాక్టర్ల సమాఖ్య. 1958లో మొదలైంది, కార్యాలయం బ్రస్సెల్స్‌లో. 1999లో వాళ్లు ఈ అక్రెడిటేషన్ కౌన్సిల్ ఏర్పాటుకు నిర్ణయం తీసుకున్నారు, 2000 జనవరి నుంచి పని మొదలైంది. నిర్వాహకులు కార్యక్రమానికి వారాల ముందే దరఖాస్తు పెట్టాలి. దాన్ని ఒకవైపు ఆ దేశపు అధికార సంస్థ, మరోవైపు ఆ స్పెషాలిటీకి చెందిన యూరోపియన్ నిపుణుల విభాగం చూస్తాయి. అంటే గుండె జబ్బుల సదస్సు ఎలా ఉందో చెప్పేది గుండె డాక్టర్లే, గుమస్తాలు కాదు. ఒక గంట చదువుకు ఒక క్రెడిట్. అదే 2000లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌తో ఒప్పందం కుదిరింది కాబట్టి, అమెరికాలో ప్రాక్టీసు చేస్తున్న మన తెలుగు డాక్టర్లు బార్సిలోనాలోనో పారిస్‌లోనో గుర్తింపు ఉన్న సదస్సుకు వెళితే ఆ క్రెడిట్లను అక్కడి క్రెడిట్లుగా మార్చుకోవచ్చు.

ఇక అసలు ప్రమాణాల దగ్గరకు వద్దాం. మందుల కంపెనీ గానీ, వైద్య పరికరాల కంపెనీ గానీ తానే కార్యక్రమం నిర్వహించి ఈఏసీసీఎంఈ గుర్తింపు అడగడానికి వీల్లేదు. డబ్బు ఇవ్వొచ్చు. కానీ ఏ అంశం పెట్టాలి, ఏ స్పీకర్‌ని పిలవాలి అన్న షరతులు ఆ డబ్బుతో రాకూడదు. పెద్ద సదస్సుకు అనుబంధంగా కంపెనీలు నడిపే సెషన్లకు, అంటే శాటిలైట్ సింపోజియంలకు, క్రెడిట్ ఉండదు. అవి గుర్తింపు ఉన్న సెషన్లతో కలిసిపోకుండా విడిగా కనిపించాలి. స్పీకర్లు, సైంటిఫిక్ కమిటీ సభ్యులు తమకు ఏ కంపెనీతో ఏ లావాదేవీ ఉందో ముందే రాసివ్వాలి, అది శ్రోతలకు తెలియాలి. కార్యక్రమం అయ్యాక శ్రోతల అభిప్రాయాలు సేకరించి పంపాలి. అందులో పాఠం ఏదో ఒక కంపెనీ వైపు మొగ్గిందా అని కూడా అడగాలి.

కాగితం మీద ఇవి మంచి నియమాలు. హాల్లో ఏం జరుగుతుందో చూద్దాం. స్పీకర్ తన పేరు చెప్పి రెండో స్లైడుకు వస్తారు. అదే డిస్‌క్లోజర్ స్లైడ్. సన్నటి అక్షరాల్లో పదీపన్నెండు కంపెనీల పేర్లు. సలహాదారు ఫీజు, ఉపన్యాసాల ఫీజు, పరిశోధన నిధులు, ప్రయాణ ఖర్చులు. మనం కళ్లజోడు సర్దుకునేలోపు అది వెళ్లిపోతుంది. నియమం పాటించినట్టే, ఎవరికీ ఏమీ తెలియదు. ఒకసారి మాత్రం సెషన్ నడిపిస్తున్న చైర్‌పర్సన్, ఒక పెద్దావిడ, మర్యాదగానే స్పీకర్‌ని ఆపారు. "డాక్టర్ గారూ, దయచేసి ఆ స్లైడ్ మళ్లీ పెట్టండి. ఇవాళ మీరు చెప్పబోయే మందు ఇందులో ఏ కంపెనీది?" అని అడిగారు. హాలంతా ఒక్కసారి తలెత్తి చూసింది. ఆయనేమీ నొచ్చుకోలేదు, వేలు పెట్టి చూపించారు. తర్వాతి 40 నిమిషాలూ మేము ఆ పాఠాన్ని వేరే చెవులతో విన్నాం. నిబంధనల పుస్తకంలో లేని ఆ చిన్న ప్రశ్న, పుస్తకంలో ఉన్న నియమానికి ప్రాణం పోసింది. మీలో రేపు సెషన్లకు అధ్యక్షత వహించేవాళ్లు ఉంటారు. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి.

కంపెనీ అనగానే ఎందుకింత అనుమానం అని మీరు అడగవచ్చు. ఫ్రాన్స్‌లో జరిగింది చెబుతాను. మెడియేటర్ అనే మందు, అసలు పేరు బెన్‌ఫ్లూరెక్స్, 1976 నుంచి అక్కడ అమ్మారు. అనుమతి డయాబెటిస్ రోగుల కోసం. రాసింది మాత్రం చాలాసార్లు ఆకలి తగ్గడానికి, ఒళ్లు తగ్గడానికి. అది గుండె కవాటాలను పాడుచేస్తోందని బ్రెస్ట్ నగరంలో ఊపిరితిత్తుల డాక్టరుగా పనిచేసే ఇరెన్ ఫ్రషోన్ కేసులు కూడగట్టి, పట్టువదలకుండా పోరాడారు. 2009లో మందును వెనక్కి తీసుకున్నారు. 2021లో పారిస్ కోర్టు తయారీ కంపెనీ సెర్వియేని మోసానికి, మరణాలకు దోషిగా తేల్చింది. ముప్పై ఏళ్లకు పైగా ఆ మందు రాసిన డాక్టర్లందరూ దుర్మార్గులా? కాదు. వాళ్లకు మందు గురించి తెలిసిన సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు సంగతి. ఆ దెబ్బతో ఫ్రాన్స్ 2011 చివర్లో కొత్త చట్టం తెచ్చింది. కంపెనీలు డాక్టర్లకు ఏమేం ఇస్తున్నాయో బహిరంగంగా ప్రకటించాలి, ఏ పౌరుడైనా వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. తర్వాత యూరప్ వైద్య పరికరాల పరిశ్రమ కూడా తన నియమావళి మార్చుకుంది. 2018 జనవరి నుంచి ఆ సంఘంలోని కంపెనీలు ఫలానా డాక్టరుకు టికెట్, హోటల్ అంటూ నేరుగా ఖర్చు పెట్టి బయటి సదస్సులకు పంపడం మానేశాయి. డబ్బు ఇవ్వాలంటే సంస్థకు ఇవ్వాలి, ఎవరిని పంపాలో ఆ సంస్థ నిర్ణయించుకోవాలి. దీనివల్ల చిన్న ఊళ్ల డాక్టర్లకు అవకాశాలు తగ్గాయన్న బాధ ఉంది. ఆ బాధలో నిజం ఉంది. అందుకు పరిష్కారం కంపెనీ టికెట్ కాదు, ఆసుపత్రులూ ప్రభుత్వాలూ డాక్టర్ల చదువుకు తమ బడ్జెట్‌లో డబ్బు పెట్టడం.

స్వతంత్రత సరే, ఆ చదువు పనికొస్తోందా? బ్రిటన్ కథ ఈ ప్రశ్నకు సంబంధించింది. బ్రిస్టల్ రాయల్ ఇన్‌ఫర్మరీలో పసిపిల్లల గుండె ఆపరేషన్ల మీద విచారణ నివేదిక 2001లో వచ్చింది. 1991-95 మధ్య, మామూలు కేంద్రంలో జరిగితే బతికి ఉండగలిగిన ఏడాదిలోపు పిల్లలు 30 నుంచి 35 మంది అక్కడ అదనంగా చనిపోయారని అది తేల్చింది. స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టర్ లెక్కలు చూపించి ఏళ్ల తరబడి మొత్తుకున్నా వినిపించుకోలేదు. ఆ సర్జన్లు సదస్సులకు వెళ్లకపోవడం వల్ల జరిగింది కాదిది. తమ ఫలితాలను పక్కవాళ్ల ఫలితాలతో పోల్చి చూసుకునే అలవాటు ఆ వ్యవస్థలో లేదు. 2012 డిసెంబర్ నుంచి బ్రిటన్‌లో రీవాలిడేషన్ మొదలైంది. ప్రతి ఏడూ అప్రైజల్, అంటే పనితీరు సమీక్ష, ఐదేళ్లకోసారి లైసెన్స్ కొనసాగింపు. స్పెషాలిటీల వారీ డాక్టర్ల సంస్థలైన రాయల్ కాలేజీలు ఏడాదికి 50 క్రెడిట్లు అడుగుతాయి. లైసెన్స్ ఇచ్చే జనరల్ మెడికల్ కౌన్సిల్ మాత్రం అంకెను పట్టుకోదు. ఏం నేర్చుకున్నావు, దానివల్ల నీ పనిలో ఏం మారింది, నీ పేషెంట్లూ తోటి ఉద్యోగులూ నీ గురించి ఏమంటున్నారు అని అడుగుతుంది. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే మన డాక్టర్లకు అప్రైజల్ దగ్గరపడితే ఎంత టెన్షనో నాకు తెలుసు. కాగితాల భారం గురించి వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. అయినా అడుగుతున్న ప్రశ్న సరైనది.

పరిశోధన కూడా ఇదే చెబుతుంది. వైద్య సదస్సులు, వర్క్‌షాపుల ప్రభావం మీద 2009లో వచ్చిన కోక్రేన్ (పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష ప్రకారం, డాక్టర్ల పనితీరులో కనిపించిన మెరుగుదల మధ్యస్థంగా 6 శాతం. సున్నా కాదు, అది గుర్తుంచుకోవాలి. కానీ చీకటి హాల్లో వరుసగా ఆరు పాఠాలు విన్నంత మాత్రాన ప్రాక్టీసు మారిపోతుందని ఆశించకూడదు.

దీనికి నాకు బాగా నచ్చిన జవాబులు రెండు చిన్న దేశాల్లో ఉన్నాయి. బెల్జియంలో ఒక ప్రాంతం డాక్టర్లు చిన్న బృందాలుగా ఏడాదికి నాలుగుసార్లు కూర్చుంటారు. యాంటీబయాటిక్స్ మనం ఎంత రాస్తున్నాం, పక్కవాళ్లు ఎంత రాస్తున్నారు అని తమ సొంత అంకెలు ముందు పెట్టుకుని మాట్లాడుకుంటారు. అక్రెడిటేషన్ కావాలంటే ఈ సమావేశాలకు వెళ్లాల్సిందే. అక్రెడిటేషన్ ఉంటే కన్సల్టేషన్ ఫీజు కాస్త ఎక్కువ వస్తుంది. నెదర్లాండ్స్‌లో స్పెషలిస్టులకు ఐదేళ్లకు 200 గంటల చదువుతో పాటు తోటి డాక్టర్ల తనిఖీ కూడా ఉంటుంది. వేరే ఆసుపత్రుల నుంచి అదే స్పెషాలిటీ వాళ్లు వచ్చి ప్రొటోకాల్స్ చదువుతారు, కాంప్లికేషన్ల రికార్డు చూస్తారు, నర్సులతో మాట్లాడతారు, మీ టీమ్‌లో ఒకరితో ఒకరికి పొసగుతోందా అని కూడా అడుగుతారు. రేపు తనిఖీకి వచ్చినవాళ్ల ఆసుపత్రికి మనమో మనలాంటివాళ్లో వెళ్తారు. కాబట్టి అది పోలీసు తనిఖీలా ఉండదు, కళ్లు మూసుకుని సంతకం పెట్టేదిగానూ ఉండదు. స్పీకర్‌కి నచ్చిన అంశం కాకుండా, మన వార్డులో మనకు తెలియక జరుగుతున్న లోపం అక్కడ పాఠం అవుతుంది.

మన దగ్గర 2002 నాటి వృత్తి నియమావళి ఐదేళ్లకు 30 గంటలు అంటుంది, రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్లు క్రెడిట్ అవర్లు ఇస్తాయి. ఆ 30ని 100 చేయాలా అన్న చర్చ కంటే ముందు రెండు పనులు చేయవచ్చని నా మనవి. ఒకటి, క్రెడిట్ ఇచ్చే ప్రతి కార్యక్రమానికి డబ్బు ఎవరిచ్చారో, ఎంతిచ్చారో బ్రోచర్ మొదటి పేజీలోనే, చదవగలిగే సైజు అక్షరాల్లో వేయించాలి. రెండు, జిల్లా స్థాయిలో డాక్టర్లు తమ ప్రిస్క్రిప్షన్లు, తమ ఫలితాలు ముందు పెట్టుకుని పదిమంది కూర్చునే సమావేశానికి కూడా క్రెడిట్ ఇవ్వాలి. దానికి ఫైవ్ స్టార్ హోటల్ అక్కర్లేదు. జిల్లా ఆసుపత్రి సెమినార్ హాలు చాలు.

జర్మనీకి రావాలనుకుంటున్న పిల్లలు ఇక్కడ కొందరున్నారని విన్నాను, వాళ్లకు ఒక పని మాట. మెడికల్ ఛాంబర్‌లో నమోదు కాగానే మీ 15 అంకెల నంబర్, స్టిక్కర్లు తీసుకోండి. వేరే దేశంలో సదస్సుకు వెళ్లినప్పుడు ఈఏసీసీఎంఈ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకుని, సర్టిఫికెట్ మీరే ఛాంబర్‌కు పంపండి, ఆ పాయింట్లు వాటంతట అవి ఖాతాలో పడవు. సర్టిఫికెట్ మీద గంటలు, తేదీలు, అక్రెడిటేషన్ సంస్థ పేరు స్పష్టంగా ఉన్నాయో లేదో అక్కడే, కౌంటర్ దగ్గర నుంచి కదలకముందే చూసుకోండి. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.