కుండీ అడుగున కంకర పోయకండి

(తెర మీద: పక్కపక్కనే రెండు కుండీలు, వాటి వెనుక దండెం మీద ఒక తడి తువ్వాలు)

నమస్కారం. ఈ రెండూ 12 అంగుళాల కుండీలు. రెండింటిలోనూ ఒకే మట్టి మిశ్రమం ఉంది, ఒకే రోజున నాటిన మిరప మొక్కలు ఉన్నాయి. ఎడమవైపు కుండీలో అడుగున 3 అంగుళాల మేర కంకర పోశాను, కుడివైపు కుండీలో అడుగు నుంచి అంచు దాకా మట్టే నింపాను. వీటిలో ఏ మొక్క వేర్ల దగ్గర నీరు తక్కువగా నిలుస్తుందని అడిగితే, కొత్తగా మొక్కలు పెంచుతున్నవారు దాదాపు అందరూ ఎడమవైపు కుండీనే చూపిస్తారు. నర్సరీలో చెప్పేదీ, పక్కింటివారు చెప్పేదీ అదే కాబట్టి వారిని తప్పుపట్టలేము. అయితే ఈ సలహాను నమ్మి, వేసవి అంతా కాపాడుకున్న మొక్కను తొలకరి వానలకే వేరుకుళ్లుతో పోగొట్టుకున్నామని ఎవరైనా చెప్పినప్పుడల్లా నాకు చాలా బాధ కలుగుతుంది, ఎందుకంటే వారు అశ్రద్ధ చేయలేదు, చెప్పినది చెప్పినట్టుగా పాటించారు. అందువల్ల ఈ వీడియోలో ఎక్కువ సమయం ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ముందుగా దండెం మీద ఉన్న తువ్వాలును చూడండి. దీనిని నీటిలో ముంచి, పిండకుండా ఆరవేశాను. మొదట నీరు ధారగా కారింది, తరువాత చుక్కలుగా పడింది, ఇప్పుడు ఆగిపోయింది. పై భాగం చేతికి చెమ్మగా మాత్రమే తగులుతోంది, కింది అంచు మాత్రం ఇంకా నీటితో బరువుగా ఉంది. ఆ అంచును ఏ గోడా అడ్డుకోవడం లేదు, దాని కింద అంతా ఖాళీయే, అయినా నీరు జారిపోవడం లేదు. నూలు పోగుల మధ్య ఉండే సన్నని సందులు నీటిని పట్టి ఉంచుతాయి, ఆ పట్టు భూమ్యాకర్షణతో సరితూగినంత ఎత్తు వరకు తడి అలాగే నిలిచిపోతుంది.

కుండీలో మట్టి కూడా ఈ తువ్వాలు వంటిదే. రేణువుల మధ్య ఉన్న సందులు నీటిని పట్టుకుంటాయి కనుక, అడుగున ఎన్ని రంధ్రాలు ఉన్నా, నీరు కారడం ఆగిన తరువాత కూడా మట్టి అట్టడుగున కొంత ఎత్తు వరకు ముద్దగా తడిసిన పొర ఒకటి మిగిలిపోతుంది. ఆ పొర ఎంత ఎత్తు ఉండాలో నిర్ణయించేది ప్రధానంగా మట్టి స్వభావమే. మెత్తని బంకమట్టిలో అది ఎక్కువ, గరుకు మిశ్రమంలో తక్కువ.

ఇప్పుడు ఈ తువ్వాలు కింది అంచుకు ఒక దోమతెర ముక్కను కుట్టామని అనుకుందాం. అంచులో ఉన్న నీరు దోమతెరలోకి దిగిపోతుందా? దిగదు. దోమతెర కన్నాలు పెద్దవి, వాటికి నీటిని లాక్కునే శక్తి లేదు, కాబట్టి అంచు మునుపటిలాగే నీటితో బరువుగా ఉంటుంది. కుండీలో కంకర ఆ దోమతెర పాత్రే పోషిస్తుంది. పైనున్న మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యేంత వరకు నీరు కంకరలోకి అడుగుపెట్టదు. అందువల్ల కుండీ అట్టడుగున ఉండవలసిన ఆ తడి పొర కంకర మీదికి, అంటే 3 అంగుళాలు పైకి, వేర్లకు మరింత దగ్గరగా జరుగుతుంది. నీటిని దూరం చేయడానికి పోసిన కంకరే దానిని వేర్ల చెంతకు చేరుస్తోంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టినది కాదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన మైదాన నిర్మాణ పద్ధతి దీని మీదే ఆధారపడింది. అందులో 12 అంగుళాల ఇసుక మిశ్రమం కింద 4 అంగుళాల గులకరాళ్ల పొర పరుస్తారు, త్వరగా ఎండిపోయే ఇసుకలో గడ్డి వేర్లకు అవసరమైన నీరు నిలిచి ఉండడానికి ఆ పొర తోడ్పడుతుంది. అక్కడ నీటిని నిలపడానికి వాడే పొరనే మనం ఇక్కడ నీటిని వదిలించుకోవడానికి వాడుతున్నాము.

వేరుకు నీరు ఎంత అవసరమో గాలి అంతే అవసరం. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. సందులన్నీ నీటితో నిండితే వేరుకు ఊపిరాడదు, ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు, కాబట్టి తడి మట్టిలో ఉన్న మొక్క కూడా దాహంతో ఉన్నట్టే వాడిపోతుంది. దానిని చూసి కంగారుపడి మరో చెంబుడు నీరు పోయడం కొత్తవారు చేసే అతి సహజమైన పొరపాటు. వాడిన మొక్కకు నీరు పోసే ముందు వేలిని రెండు కణుపుల లోతు వరకు మట్టిలోకి దించి చూడండి, లోపల తడి తగిలితే ఆ రోజుకు నీరు అక్కర్లేదు.

మళ్లీ తువ్వాలు దగ్గరికి వద్దాం. దీనిని అడ్డంగా ఆరవేశాను, ఇప్పుడు నిలువుగా వేలాడదీస్తున్నాను. చూడండి, ఆగిపోయిన చుక్కలు మళ్లీ పడుతున్నాయి. బట్ట అదే, పెరిగింది ఎత్తు మాత్రమే. కుండీలోనూ మట్టి ఎత్తు పెరిగిన కొద్దీ వేర్లకు గాలి ఆడే చోటు పెరుగుతుంది. కంకర పోసినవారు ఆ ఎత్తులో 3 అంగుళాలు పోగొట్టుకున్నారు, మేడ మీద పెంచేవారైతే స్లాబు మీద అనవసరపు బరువు కూడా మోపారు.

పెరట్లోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. నల్లరేగడి నేలలో రెండడుగుల గొయ్యి తీసి, దాని నిండా గుల్లగా ఉండే మంచి మిశ్రమం నింపితే, వానాకాలంలో ఆ గొయ్యి నీటి తొట్టిగా మారుతుంది, అంటే తువ్వాలు కొసను బకెట్టులో వదిలినట్టే. అటువంటి నేలలో గొయ్యికి బదులు అడుగు ఎత్తున మట్టి దిబ్బ కట్టి దాని మీద నాటడం మేలు. ఎర్రనేల ఉన్నవారికి ఈ ఇబ్బంది చాలా తక్కువ.

సమయం తక్కువగా ఉంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. కుండీకి ఎర్రమట్టి, కడిగిన కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చితే చాలు. నల్లరేగడిని కుండీలో వాడకండి, అది ఎండినప్పుడు కుంచించుకుపోయి గోడను వదిలేస్తుంది, పోసిన నీరు ఆ సందులో నుంచి జారిపోయి నడుమనున్న మట్టి పొడిగానే ఉండిపోతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్కనో కొద్దిగా కొబ్బరి పీచునో పెట్టవచ్చు, అది మట్టి జారకుండా ఆపడానికి మాత్రమే. తోటకూర, మెంతికూర వంటి వాటికి 6 నుంచి 8 అంగుళాల లోతు సరిపోతుంది, టమాటా, వంగ మొక్కలకు కనీసం 12 అంగుళాలు కావాలి. మట్టి కుండీల గోడల గుండా తడి ఆరిపోతుంది కనుక రోహిణి కార్తె ఎండల్లో వాటికి ప్లాస్టిక్ కుండీల కంటే ఎక్కువసార్లు నీరు పోయవలసి ఉంటుంది. కుండీ కింద పళ్లెం ఉంటే అందులో నిలిచిన నీటిని వెంటనే పారబోయండి, డెంగీ దోమ అటువంటి నీటిలోనే గుడ్లు పెడుతుంది.

ఇప్పటికే కంకర పోసి నాటినవారు వేర్లు కదిలించి మొక్కను ఇప్పుడే పెకలించవద్దు, కుండీ మార్చే రోజున తీసివేయవచ్చు. ఈలోగా వానలు పడితే, తువ్వాలును ఒక మూలతో పట్టుకుని వేలాడదీసినప్పుడు ఎదుటి మూల నుంచి మరికొంత నీరు కారడాన్ని గుర్తుచేసుకోండి. కుండీ కింద ఒకవైపు ఇటుక ముక్క పెట్టి, రంధ్రం పల్లంవైపు వచ్చేలా వంచి, గాలికి పడిపోకుండా గోడకు ఆనించి, వాన వెలిసే దాకా అలాగే ఉంచండి.