తీగ పోయింది, లైట్ల పగ్గాలు చేతికొచ్చాయి

అందరికీ నమస్కారం. ఆగస్టు 19 వస్తే మనం ఫొటోగ్రఫీ దినోత్సవం పేరిట దండలు వేసి, భోంచేసి వెళ్లిపోతుంటాం. ఈసారి కాస్త పని గురించి కూడా మాట్లాడుకుందామని నిర్వాహకులు అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను.

ఈ బల్ల మీద రెండు వస్తువులు పెట్టాను. ఒకటి నా పాత సింక్ తీగ, అంటే కెమెరా నొక్కగానే ఫ్లాష్ లైటును వెలిగించేది. రెండు చోట్ల నల్ల టేపు చుట్టి ఉంది, చూడండి. రెండోది ట్రిగ్గర్, అదే పనిని తీగ లేకుండా రేడియోతో చేసేది. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దది.

తీగ ఒక కొస లైటుకు, ఇంకో కొస కెమెరా పక్కన ఉండే పీసీ సాకెట్‌కు. పీసీ అంటే కంప్యూటర్ అనుకునేరు. ప్రాంటర్, కాంపూర్ అనే రెండు జర్మన్ షట్టర్ల పేర్ల నుంచి వచ్చిన అక్షరాలవి. ఆ సాకెట్ ఎప్పుడు వదులవుతుందో దానికే తెలియదు. ఒకసారి అన్నప్రాశన ఫొటో తీస్తున్నాను. పిల్లవాడిని నవ్వించడానికి వాళ్ల అమ్మమ్మగారు గిలక్కాయ పట్టుకుని ముందుకు వచ్చారు. తీగ కాలికి చుట్టుకుంది, స్టాండు ఒరిగింది. లైటుకు తగిలించిన గొడుగు నా భుజం మీద పడింది కాబట్టి సరిపోయింది. పిల్లవాడు మాత్రం అప్పుడే నవ్వాడు!

తీగతో కంటికి కనిపించని ప్రమాదం ఇంకొకటి. పాత స్టూడియో లైట్లలో కొన్నిటికి సింక్ సాకెట్ దగ్గర 200 వోల్టులు దాటి ఉండేది. ఫిల్ము కెమెరాలో రెండు లోహపు రేకులు తాకితే ఫ్లాష్ వెలిగేది కాబట్టి తట్టుకుంది. డిజిటల్ కెమెరాల్లో కొన్నిటికి 6 వోల్టులే హద్దు. ట్రిగ్గర్ వాడితే ఆ వోల్టేజీ కెమెరా దాకా రాదు. అయితే పాత లైటుకు, ట్రిగ్గర్ సంకేతం అందుకునే రిసీవర్ తగిలించేటప్పుడు, అది ఎంత తట్టుకుంటుందో దానితో వచ్చిన పుస్తకంలో చూసుకోండి.

మధ్యలో స్లేవ్ సెల్ కాలం నడిచింది. ఒక ఫ్లాష్ వెలుగు చూసి ఇంకోటి వెలగడం. నాలుగు గోడల మధ్య బాగానే ఉంటుంది. కల్యాణ మండపంలో పెళ్లికొడుకు బాబాయి కెమెరా మెరిసినా మన లైటు వెలుగుతుంది. తీరా మన వంతు వచ్చేసరికి ఇంకా చార్జి అవుతూ ఉంటుంది.

ఇప్పటి ట్రిగ్గర్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మీద పనిచేస్తాయి. వైఫై నడిచేదీ అక్కడే. అందుకే రద్దీ ఉన్నచోట ఛానెల్ మార్చుకోవాలి. గోడాక్స్ కంపెనీ పద్ధతిలో 32 ఛానెళ్లున్నాయి. అయినా మనలో చాలామంది డబ్బాలోంచి తీసిన రోజు ఉన్న ఒకటో ఛానెల్ మీదే ఉంటాం. పక్క హాల్లో తమ్ముడూ ఒకటిలోనే ఉంటాడు. అతను నొక్కితే మన లైటు, మనం నొక్కితే అతని లైటు. ఛానెల్‌తో పాటు ఐడీ కూడా, అంటే మన ట్రిగ్గర్, లైట్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే అంకె, మార్చండి.

ఇప్పుడు గోడ మీది తెర చూడండి. ఇదే కెమెరాతో పొద్దున తీశాను. షట్టర్ వేగం సెకనులో 1/200 వంతు, ఫొటో నిండుగా ఉంది. 1/320, అంచున నల్ల పట్టీ. 1/500, పట్టీ ఇంకా పాకింది. ట్రిగ్గర్ పాడైందని దుకాణానికి తిరిగి తీసుకెళ్లినవాళ్లు నాకు తెలుసు. పాపం, దాని తప్పేమీ లేదు. షట్టర్‌లో రెండు తెరలుంటాయి. వేగం పెరిగితే మొదటి తెర పూర్తిగా తొలగకముందే రెండోది బయలుదేరుతుంది. ఫ్లాష్ మెరిసే క్షణానికి సెన్సర్‌లో కొంత భాగం తెర చాటున ఉంటుంది. ఆ నీడే ఈ పట్టీ. చవక ట్రిగ్గర్లు కొన్ని కాస్త ఆలస్యంగా స్పందిస్తాయి, వాటితో 1/160కి దిగండి.

ఇక నాకు అసలు ఇష్టమైన సంగతి. ట్రిగ్గర్‌ను తీగకు బదులుగా మాత్రమే వాడేవాళ్లు దానికి పెట్టిన డబ్బులో సగం వృథా చేస్తున్నారని నా అభిప్రాయం. లైట్లను విడివిడిగా నడిపే గ్రూపులున్నది ఎందుకు? ముఖం మీది లైటు ఏ, జుట్టు మీదిది బీ, వెనక తెర మీదిది సీ అనుకోండి. ముందు అన్నీ ఆపేయండి. ఒక్క ఏ వెలిగించి ఒక ఫొటో. ముక్కు నీడ ఎటు పడిందో చూడండి. బుగ్గ మరీ తెల్లబడితే లైటు బలం 1/4 నుంచి 1/8కి దించండి, వెలుగు సరిగ్గా సగమవుతుంది. తర్వాత ఏ ఆపి బీ ఒక్కటే. నల్లటి తలకట్టు మీద చిన్న మెరుపు చాలు. మల్లెపూలు పెట్టుకుని ఉంటే ఇంకా తగ్గించండి, లేకపోతే పూలు సున్నపు ముద్దలా కనిపిస్తాయి. చివరికి మూడూ కలపండి. ఇదంతా కెమెరా దగ్గర నిలబడే చేయవచ్చు. పూర్వం లైటుకు తొడిగిన సాఫ్ట్ బాక్స్ వెనక్కి వెళ్లి మీట తిప్పి వచ్చేలోగా కూర్చున్నవారి ముఖం బిగుసుకుపోయేది.

సమస్యలు అడుగుతారని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను. లైటు వెలగకపోతే సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉందేమో చూడండి, చాలా కెమెరాలు అప్పుడు ఫ్లాష్‌ను పలకరించవు. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో దాని తెర చీకటిగా ఉంటే, ఫొటో ఎలా వస్తుందో ముందే చూపే ఎక్స్‌పోజర్ ప్రివ్యూ ఆపండి. లైటు పక్కనే నిలబడినప్పుడు ట్రిగ్గర్ పలక్కపోతే, అందులో దగ్గరి దూరానికి వేరే సెట్టింగు ఉందేమో వెతకండి. సీజన్ అయిపోయాక బ్యాటరీలు తీసి దాచండి. రసం కారిన స్ప్రింగులు నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి.

ఆ ట్యూబులైట్లు ఎవరైనా ఆపుతారా? పెద్దాయనా, మీరే వచ్చి ఈ స్టూలు మీద కూర్చోండి. కళ్లజోడు తీయకండి, అద్దాల్లో మెరుపు పడకుండా ఏ లైటును ఎంత పైకి ఎత్తాలో మీ మీదే చూపిస్తాను.