ఫిడేలు మైకు తెరిచి ఉంచండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ ఇందాక అమ్మాయి చక్కగా చదివింది. మళ్లీ చదవను. నాకిచ్చింది ఐదు నిమిషాలు. ఆహ్వాన పత్రికలో రాక్ బ్యాండు కుర్రాళ్లు ఐదుగురి ఫొటోలూ వేశారు, బాగున్నాయి. కింద ‘స్థానిక ఆర్కెస్ట్రా సహకారంతో’ అని ఒక ముక్క ఉంది. నా వెనక కూర్చున్న ఈ పద్నాలుగు మందే ఆ ముక్క. నా ఐదు నిమిషాలూ వాళ్లవే.

ఈ కుర్రాళ్లంటే నాకు ప్రేమే. నెల కిందట మా ఇంటికొచ్చి, “మాస్టారూ, శ్రీకాకుళం నుంచి రాజమండ్రి దాకా తిరుగుతున్నాం. ఏ ఊరెళ్తే ఆ ఊరి ఆర్కెస్ట్రాతోనే వాయిస్తాం” అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్తాను.

రాక్ బ్యాండు వెనక వాద్యబృందం కూర్చోవడం కొత్తేమీ కాదు. 1969 సెప్టెంబరు 24న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండు వాళ్లు రాయల్ ఫిల్‌హార్మోనిక్ అనే వాద్యబృందంతో కలిసి వాయించారు. ఆ బ్యాండులో కీబోర్డు వాయించే జాన్ లార్డ్ గారే మూడు భాగాలుగా స్వరం కట్టారు. నడిపించింది మాల్కం ఆర్నాల్డ్ గారు. తర్వాత 1977లో ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే ముగ్గురు పెద్ద వాద్యబృందాన్నే వెంటేసుకుని అమెరికాలో ఊరూరా తిరగబోయారు. అంతమందికి బస్సులు, గదులు, భోజనాలు, జీతాలు! ఖర్చు మోయలేక మధ్యలోనే బృందాన్ని వదిలేసుకున్నారు. మరి మూడీ బ్లూస్ వాళ్లో? 1992లో కొలరాడో సింఫనీ అనే వాద్యబృందంతో రెడ్ రాక్స్ అనే కొండ రంగస్థలంలో వాయించాక, ఏ ఊరికెళ్తే ఆ ఊరి వాద్యబృందాన్నే పక్కన కూర్చోబెట్టుకున్నారు. 2019లో ద హూ వాళ్లు చేసిందీ దాదాపు ఇదే. నడిపించే మనిషి, ముఖ్యమైన వాద్యకారులు కొందరు బ్యాండుతో వచ్చారు, మిగతావాళ్లు ఆ ఊరివాళ్లు.

వీటన్నిటిలో నా మనసుకి దగ్గరైంది వేరే ఉంది. కెనడాలో ఎడ్మంటన్ అని ఒక ఊరు. లండనూ కాదు, న్యూయార్కూ కాదు. 1971లో ప్రోకల్ హారమ్ అనే బ్యాండు అక్కడికెళ్లి ఆ ఊరి సింఫనీతో వాయించి రికార్డు తెచ్చింది. ఆ రికార్డు అట్ట మీద ఎడ్మంటన్ సింఫనీ ఆర్కెస్ట్రా అని ఊరి పేరు అచ్చయింది. ‘స్థానిక’ అని కాదండీ, ఎడ్మంటన్ అని! ఆ ఊరు ఎక్కడుందో ఎరగని నేను విశాఖపట్నంలో కూర్చుని ఆ పేరు చదువుకున్నాను.

మన దగ్గర ఆర్కెస్ట్రా అంటే వేరే లెక్క. రెండు కీబోర్డులు, ప్యాడ్లు, తబలా, డోలక్, ఒక గిటారు, అదృష్టం బాగుంటే రెండు ఫిడేళ్లు. దసరా పందిళ్లు, వినాయక చవితి, పెళ్లి రిసెప్షన్లు. అచ్చు వేసిన స్వరాల కాగితాలు ఎవరిస్తారు మాకు? క్యాసెట్ వేసుకోవడం, నాలుగు క్షణాలు వినడం, ఆపడం, స్వరం రాసుకోవడం, వెనక్కి తిప్పడం. టేపు సాగిపోతే శ్రుతి దిగిపోయేది, మళ్లీ ఇంకో క్యాసెట్టు. అలా రాసుకున్న పుస్తకాలు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లకి ఒక మాట చెప్పాలి. ఇందాక చెప్పిన జాన్ లార్డ్ గారి స్వరప్రతి 1970లో పోయింది. మార్కో డి గోయ్ అనే డచ్చి స్వరకర్త ఆ పాత రికార్డింగు విని, వీడియో చూసి, ఒక్కో వాద్యం ఏం వాయించిందో పట్టుకుని మళ్లీ రాశాడు. లార్డ్ గారు ఆయనతో కూర్చుని సరిచూసుకున్నారు. 1999లో అదే హాల్లో లండన్ సింఫనీ దాన్ని మళ్లీ వాయించింది. ముప్ఫయ్యేళ్ల తర్వాత! ఆయన చేసిందీ మేం చేసిందీ ఒకే పని. విని రాసుకోవడం.

సరే, నిద్ర పట్టని సంగతికొస్తాను. ఇది ఈ ప్రసంగం కోసం రాసుకున్న కాగితంలో లేదు. అయినా చెప్తాను.

చాలా ఏళ్ల కిందట బయటి నుంచి ఒక రాక్ బ్యాండు మన ఊరొచ్చింది. పేరొద్దు. బీచి దగ్గర ప్రోగ్రాం. “లోకల్ ఆర్కెస్ట్రా కావాలి, పన్నెండు మంది” అన్నారు. కాగితాలు పాశ్చాత్య స్వరలిపిలో వచ్చాయి. మాలో అది చదవగలిగినవాళ్లం ఇద్దరం. ఇద్దరం కూర్చుని తొమ్మిది రాత్రులు అంతా సరిగమల్లోకి దించాం. ఒక బడి వరండాలో సాధన చేశాం. గిటారు పాటలన్నీ వాళ్లు ‘E’ అనే శ్రుతిలో ఉన్నాయి, అంటే మనకి మూడు శ్రుతి. ఫిడేళ్లన్నీ మూడుకి బిగించుకున్నాం. ఆ కుర్రాడు గిటారు మీద ఏకధాటిగా వాయించే ముక్క ఉంది చూశారూ, అది అచ్చంగా శుద్ధ ధన్యాసి రాగం స్వరాలే! మావాళ్లకి ఎంత సంబరమో చెప్పలేను.

ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం సౌండ్ చెక్కుకి వెళ్తే వాళ్ల గిటార్లు రెండున్నర శ్రుతిలో ఉన్నాయి. అర మెట్టు దించుకుని వాయించడం వాళ్ల అలవాటట. మాకెవరూ చెప్పలేదు. ఫిడేలుకి తీగలు బిగించే బిరడలున్నాయి, దించుకున్నాం. క్లారినెట్టు మాటేమిటి? ప్రతి స్వరానికీ వేళ్లు మారిపోతాయి. మా క్లారినెట్టు మాస్టారు వన్‌టౌన్ మనిషి, ఎన్నో ఏళ్లు పెళ్లి బ్యాండులో ఊదారు. అప్పటికే ఆయనకి ఉబ్బసం. “ఏటవుతాది, ఊదేద్దాం” అన్నారు. స్టేజీ వెనక ఇసకలో కూర్చుని రెండు గంటల్లో మొత్తం కొత్త వేళ్లతో నేర్చుకున్నారు. నా కళ్లతో చూశాను.

రాత్రి రెండు గంటలు వాయించాం. డ్రమ్ములు అంత దగ్గర్లో ఉంటే పక్కవాడి ఫిడేలే నాకు వినపడదు. అందుకే ప్రతి ఫిడేలుకీ చిన్న మైకు తగిలిస్తారు, డ్రమ్ములకి అడ్డంగా అద్దంలాంటి తెర పెడతారు. మైకు లేకపోతే రాక్ బ్యాండు పక్కన ఫిడేలు లేనట్టే. ప్రోగ్రాం అయ్యాక సౌండు దగ్గర పనిచేసే కుర్రాడొకడు నా దగ్గరికొచ్చాడు. పాపం, మనసు ఒప్పక చెప్పాడు. “మాస్టారూ, మీ మైకులు తెరవలేదండి. జనం విన్నది కంప్యూటర్లోంచి వచ్చిన రికార్డింగు ట్రాకు.”

ఒక్క కమాను కూడా బయటికి పోలేదు. మేం కెమెరా కోసం కూర్చున్న బొమ్మలం. డబ్బులిచ్చారు, కాదనను, కవరు చేతిలో పెట్టారు. కానీ ఆ క్లారినెట్టు మాస్టారు ఉబ్బసంతో రెండు గంటలు ఊదిన ఊపిరి ఏమైపోయిందండీ? ఆయనకి ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఇంటికెళ్లే దారంతా ఆలోచించాను. చెప్పలేదు. ఆయన పోయేదాకా, “ఆ వేళ భలే కుదిరింది కదా నాయుడూ” అంటూనే ఉన్నారు. ఊఁ అనేవాడిని. ఇవాళే మొదటిసారి పదిమందిలో చెప్తున్నాను.

టైమయిందని చీటీ పంపారు. చూశాను. ఇంకో రెండు మాటలు.

రాక్ మన సంగీతం కాదు, మనవాళ్లకెందుకు అనే పెద్దలు ఈ హాల్లోనూ ఉన్నారు. అయ్యా, ఫిడేలు మాత్రం మనదా? బాలుస్వామి దీక్షితులు తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుని మన పాటకి తెచ్చారు. ఈ విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లో విజయనగరం సంగీత కళాశాలకి విద్యార్థిగా చేరతానని వెళ్తే, ఆయన వాయిద్యం విని అక్కడే ఆచార్యుడిగా వేసుకున్నారు. జనం నోట ఆయన ఫిడేలు నాయుడు గారు. ఊరికి వచ్చిన వాద్యాన్ని ఇంటి బిడ్డను చేసుకున్న ప్రాంతం ఇది. గిటారు వస్తే భయమెందుకు? రానివ్వండి. మా పక్కనే కూర్చోనివ్వండి. మమ్మల్ని వినపడనివ్వండి, అంతే.

బాబూ, మీరు ఐదుగురూ వినండి. రేపు కాకినాడ వెళ్తారు, రాజమండ్రి వెళ్తారు. ఏ శ్రుతిలో వాయిస్తారో పది రోజుల ముందు చెప్పండి. కాగితాలు సరిగమల్లో కూడా పంపండి. రాసేవాళ్లు దొరక్కపోతే నేను రాస్తాను, నాకు డబ్బులొద్దు. కనీసం ఒక్క పూట పూర్తిగా కలిసి వాయించుకోండి. పోస్టరు మీద ‘స్థానిక’ తీసేసి ఊరి పేరు వేయండి, కింద మనుషుల పేర్లు వేయండి. ట్రాకు మాత్రం వద్దు. మావాడు ఒక స్వరం తప్పితే ఆ తప్పు వినపడనివ్వండి, ఏం పర్లేదు.

ఇంక ఉపన్యాసం చాలు. కాగితంలో ఇంకో పేజీ ఉంది, అది చదవను. దాని బదులు ఒక పని చేద్దాం.

సౌండు దగ్గరున్న బాబూ, గిటార్లవీ డ్రమ్ములవీ మైకులన్నీ మూసెయ్యి. ఈ పద్నాలుగూ తెరువు. ఒక్కొక్కరూ తమ పేరు, తమ పేట చెప్పి, షడ్జం, అంటే ‘స’, వాయిస్తారు. అమ్మా, అయ్యా, వెనక వరసలో ఉన్నవాళ్లు ముఖ్యంగా, మీకు వినపడితే చెయ్యెత్తండి. వినపడకపోతే దించే ఉంచండి, మొహమాటపడొద్దు. అందరికీ వినపడేదాకా రెండోవారి దగ్గరికి వెళ్లం.

శ్రుతి రెండున్నర. ఈసారి ముందే చెప్పారు.

ఎడమ చివర ఫిడేలు. నువ్వే తల్లీ, మొదలుపెట్టు. ముందు పేరు చెప్పు.