బిస్కెట్ ప్యాకెట్లో బొద్దింక: దొంగ కంప్లైంట్ల కథ

అందరికీ నమస్కారం. డిసెంబర్ 24 మన జాతీయ వినియోగదారుల దినోత్సవం, 1986లో ఆ రోజే వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, అందుకని ఈ రోజు స్టేజీ ఎక్కినవాళ్ళంతా కస్టమర్ దేవుడండీ అనే మాట్లాడతారు. నేను ఫుడ్ ఫ్యాక్టరీల్లో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, ఆ దేవుళ్ళు పంపిన కవర్లన్నీ నా టేబుల్ మీదకే వచ్చేవి. వెంట్రుకలు, ఈగలు, మేకులు, ఒకసారి పన్ను కూడా. వాటిల్లో చాలావరకు నిజమైనవే, అది ముందే చెప్తున్నా, మళ్ళీ కంపెనీ వాడు కంపెనీ పాటే పాడాడు అనొద్దు. కానీ కొన్ని మాత్రం కావాలని చేసినవి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతా.

ఈ సబ్జెక్టులో అందరూ చదవాల్సిన కేసు 1993 జూన్‌లో అమెరికాలో జరిగింది. వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా అనే ఊళ్ళో ఒక పెద్దాయన డైట్ పెప్సీ డబ్బాలో ఇంజెక్షన్ సిరంజి వచ్చిందన్నాడు. లోకల్ న్యూస్‌లో వచ్చింది. మర్నాటికి ఆ చుట్టుపక్కలే ఇంకొకరు మాకూ వచ్చిందన్నారు. అది నేషనల్ టీవీకి ఎక్కింది, ఇంకేముంది, కొద్ది రోజుల్లోనే 20కి పైగా రాష్ట్రాల నుంచి 50కి పైగా కంప్లైంట్లు, ఒకళ్ళకి సిరంజి, ఒకళ్ళకి సూది, ఇంకొకళ్ళకి స్క్రూ. ఎయిడ్స్ పేరు చెప్తేనే జనం వణికిపోయే రోజులవి, సూది అనేసరికి ఎంత భయపడి ఉంటారో మీరే ఆలోచించండి.

ఇప్పుడు ఒక క్వాలిటీ వాడిగా నాకు ముందు తట్టే ప్రశ్న, ఆ డబ్బాలు ఏ ఫ్యాక్టరీవి, ఏ తేదీవి. అక్కడే తేడా కొట్టింది. అవి వేరే వేరే ప్లాంట్లలో, నెలల తేడాతో తయారైనవి. ఒకే దుర్మార్గుడు అన్ని ఊళ్ళ ఫ్యాక్టరీల్లోకీ అన్ని నెలల పాటు దూరి సిరంజిలు వేసి, అవన్నీ ఒకే వారంలో బయటపడేలా ప్లాన్ చేశాడని నమ్మాలన్నమాట. కంపెనీ వాళ్ళు డబ్బాలు నింపే లైన్ వీడియో తీసి టీవీలకి ఇచ్చారు. ఖాళీ డబ్బాలు బోర్లా వస్తాయి, కడుగుతారు, తిప్పుతారు, డ్రింక్ పోసి మూత బిగించేదాకా డబ్బా నోరు తెరిచి ఉండేది ఒక సెకను కూడా కాదు. ఆ స్పీడు చూసినవాళ్ళకి ఇందులో సిరంజి ఎవడు పెడతాడ్రా అని వాళ్ళకే అర్థమైపోయింది. పెప్సీ నార్త్ అమెరికా హెడ్ క్రెయిగ్ వెదరప్ స్వయంగా టీవీ స్టూడియోల చుట్టూ తిరిగి సమాధానాలు చెప్పాడు, సరుకు మాత్రం మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోలేదు.

ఇంతలో కొలరాడోలో ఒక షాపు సీసీ కెమెరా టేపు బయటికొచ్చింది. ఒకావిడ కౌంటర్ దగ్గర నిలబడి, తెరిచిన పెప్సీ డబ్బాని కౌంటర్ వెనక్కి దింపి అందులో సిరంజిలాంటిది వేసి, మళ్ళీ పైన పెట్టి, అయ్యో చూడండి అని క్లర్కుకి చూపిస్తోంది. అంతే, కథ కంచికి. అక్కడ ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, దాని కమిషనర్ డేవిడ్ కెస్లర్ ప్రెస్‌మీట్ పెట్టి దేశమంతా డబ్బాలు పాడుచేశారన్న మాటకి అర్థమే లేదని తేల్చేశాడు. దొంగ కంప్లైంట్లు ఇచ్చినవాళ్ళని వరసగా అరెస్టు చేశారు. ఆఖర్న కంపెనీ పేపర్లలో ఫుల్ పేజీ యాడ్ వేసింది, మేము ప్రకటించేది ఏమిటంటే... ఏమీ లేదు, అని. నాకు బాగా నచ్చిన యాడ్ అది.

అరెస్టు దేనికి, కంప్లైంట్ ఇవ్వడం నేరమా అని అడగొచ్చు. 1982లో షికాగోలో ఎవడో టైలినాల్ అనే నొప్పి మాత్రల్లో సైనైడ్ కలిపితే 7 గురు చనిపోయారు, అది నిజంగా జరిగిన ఘోరం, ఎవడు చేశాడో తేలనేలేదు. దాని తర్వాత 1983లో అమెరికా వాళ్ళు చట్టం చేశారు, సరుకులో విషం కలపడమే కాదు, కలిపారని తెలిసి తెలిసి అబద్ధం చెప్పినా 5 ఏళ్ళ దాకా జైలు. ఈ రెండూ ఒకే చట్టంలో ఉండటం తెలివైన పని, ఎందుకంటే నిజమైన ఘోరం జరిగిన ప్రతిసారీ దాని వెనకే కాపీ కొట్టేవాళ్ళు బయల్దేరతారు.

మన టేబుల్ దగ్గరికొద్దాం. బిస్కెట్ ప్యాకెట్లో బొద్దింక అని కవర్ వస్తుంది, లోపల ఉత్తరం, మా పిల్లాడు తినబోయాడు, లక్ష ఇవ్వకపోతే టీవీ వాళ్ళకి చెప్తాం అని. నేను ఉత్తరం పక్కన పెట్టి ప్యాకెట్ తీసుకుంటా. ముందు బ్యాచ్ నంబర్ చూసి, అదే బ్యాచ్‌లోంచి మేము దాచుకున్న శాంపిల్ తీస్తా, రెండూ పక్కపక్కన పెడతా. ప్యాకెట్ చివర సన్నటి అడ్డగీతలతో నొక్కిన సీల్ ఉంటుంది కదా, మెషీన్ నొక్కితే ఆ గీతలు ఒకే దూరంలో, ఒకే లోతులో పడతాయి. ఇంట్లో ఇస్త్రీ పెట్టెతోనో కొవ్వొత్తితోనో మళ్ళీ అతికిస్తే ఆ చోట గీతలు చచ్చిపోయి నున్నగా అయిపోతుంది, ప్లాస్టిక్ కాస్త ముడుచుకుంటుంది. భూతద్దం చాలు, మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు.

తర్వాత బొద్దింక. పిండిలో పడిందంటే మిక్సర్‌లో నలగాలి, రోలర్ల కింద అణగాలి, 200 డిగ్రీలు దాటిన ఓవెన్లోంచి రావాలి. మీసాలతో సహా చక్కగా ఉందంటే అది ఓవెన్ మొహం చూడలేదనే. ఇంకా డౌట్ ఉంటే పురుగు ఒంట్లో ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఉందో లేదో టెస్టు చేస్తారు, బాగా వేడి తగిలితే అది పనిచెయ్యదు, పనిచేస్తుంటే వంట అయ్యాక చేరిందని అర్థం. అయితే ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. వంట తర్వాత చేరింది అన్నంత మాత్రాన కస్టమరే వేశాడని కాదు! ప్యాకింగ్ దగ్గర దూరి ఉండొచ్చు, గోడౌన్‌లో దూరి ఉండొచ్చు, కొట్టులో పప్పుల బస్తా పక్కన పెడితే పురుగు కవర్ కొరుక్కుని లోపలికి పోయి ఉండొచ్చు. కన్నం అంచులు ఎటు లేచి ఉన్నాయో చూస్తే బయట నుంచి కొరికిందా లోపల నుంచా తెలుస్తుంది. ఈ పని చెయ్యకుండా కస్టమర్‌ని దొంగ అనేసేవాళ్ళంటే నాకు దొంగ కస్టమర్ల కన్నా మంట.

2003 అక్టోబర్‌లో ముంబైలో క్యాడ్‌బరీ డైరీ మిల్క్‌లో పురుగులు వచ్చాయని మహారాష్ట్ర ఎఫ్‌డీఏ బయటపెట్టింది గుర్తుందా, పండగ సీజన్ మధ్యలో. కంపెనీ మొదట్లో షాపుల్లో సరిగ్గా దాచకపోవడం వల్ల అంది, అందులో కొంత నిజం ఉండొచ్చు గానీ జనానికి అది తప్పించుకునే మాటలాగే వినపడింది. చివరికి షాపు వాళ్ళకి ఎలా దాచాలో నేర్పించే కార్యక్రమం పెట్టారు, 2004 మొదట్లో గట్టిగా సీల్ చేసిన కొత్త ప్యాకింగ్ తెచ్చారు. చూశారా, నిజమైన కంప్లైంట్ వల్ల ప్యాకింగే మారింది. దొంగ కంప్లైంట్ వల్ల ఏమీ మారదు, కౌంటర్లో కూర్చున్నవాడు తర్వాత వచ్చే నిజమైన వాణ్ణి కూడా అనుమానంగా చూడటం మొదలుపెడతాడు, అంతే.

ఇంకో రెండు కేసులు గబగబా చెప్పేస్తా. 2005 మార్చిలో కాలిఫోర్నియా శాన్ హోసేలో వెండీస్ హోటల్లో చిల్లీ అనే మాంసం కూర గిన్నెలో మనిషి వేలు వచ్చిందని ఒకావిడ గోల చేసింది. హోటల్లో, సరుకు పంపేవాళ్ళలో ఎవరికీ వేలు పోలేదు, పైగా గంటల తరబడి ఉడికిన కూరలో ఉండాల్సిన వేలు ఉడకనే లేదు. తీరా చూస్తే ఆమె భర్తతో పనిచేసేవాడికి యాక్సిడెంట్లో తెగిన వేలు అది! ఆమెకి 9 ఏళ్ళు పడ్డాయి, భర్తకి ఇంకా ఎక్కువ. ఈలోగా ఆ ఏరియా బ్రాంచిల్లో బేరాలు పడిపోయి పనివాళ్ళ గంటలు కోసేశారు, వాళ్ళేం పాపం చేశారు చెప్పండి. ఇంకొకటి 2010 డిసెంబర్, దక్షిణ కొరియా, బ్రెడ్‌లో ఎలుక ఫోటో ఇంటర్నెట్‌లో పెట్టింది ఎవరయ్యా అంటే పక్కనే పోటీ బేకరీ నడిపేవాడు. క్రిస్మస్ బేరం తనకి రావాలని. ఏడాదిన్నర జైలుకి పోయాడు.

ఇక్కడ మనవాళ్ళు అంతదూరం పోరు. డిస్ట్రిబ్యూటర్ దగ్గరికొచ్చి కూల్‌డ్రింక్ సీసా చూపించి, అందులో బల్లో ఈగో, ఎంతిస్తావ్ అంటారు. డిస్ట్రిబ్యూటర్ పై ఆఫీసుకి ఫోన్ చేస్తాడు, పై ఆఫీసు వాడు ఎందుకొచ్చిన గొడవ సెటిల్ చేసెయ్ అంటాడు, ఒక పెట్టెడు కూల్‌డ్రింకో గిఫ్ట్ ప్యాకో ఇచ్చి పంపిస్తారు. ఈ అలవాటే సమస్యకి వేరు అని నా అభిప్రాయం. టెస్టు చెయ్యకుండా డబ్బిస్తే దొంగకి అది జీతం అయిపోతుంది, నిజంగా నష్టపోయినవాడికేమో నోరు మూయించడం అయిపోతుంది, సరుకులో లోపం ఉంటే అది అలాగే ఉండిపోతుంది.

చట్టంలో దీనికి దారి ఉంది, వాడేవాళ్ళే తక్కువ. చూసి చెప్పలేని లోపం అయితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ వస్తువు శాంపిల్ తీసుకుని సీల్ వేసి ల్యాబ్‌కి పంపించాలి, 45 రోజుల్లో రిపోర్ట్ రావాలి, 2019 చట్టం సెక్షన్ 38లో ఉంది. 1986 చట్టంలో సెక్షన్ 26 అని ఉండేది, ఊరికే వేధించడానికి వేసిన కేసైతే ఫిర్యాదుదారే 10,000 దాకా కట్టాలని. కొత్త చట్టంలో అది తీసేశారు, తీసెయ్యడం మంచిదే అంటాను నేను, ఆ భయంతో నిజమైనవాళ్ళు కూడా ఆగిపోతారు. బ్లాక్‌మెయిల్ చేసేవాడికి ఎలాగూ పోలీసు కేసు ఉంది.

ఇప్పుడు కొత్త తలనొప్పి ఫోటోలు. ఆన్‌లైన్ డెలివరీలో వస్తువు వెనక్కి ఇవ్వక్కర్లేదు, ఫోటో పెడితే రిఫండ్. ట్రేలో ఒక గుడ్డు పగిలితే ఏఐతో ట్రే మొత్తం పగిలినట్టు చేసి డబ్బులు లాగినవాళ్ళ ముచ్చట్లు సోషల్ మీడియాలో గొప్పగా చెప్పుకుంటున్నారు. నా పాత విద్య ఇక్కడ పనికిరాదు, ఫోటోకి సీల్ ఉండదు, కన్నానికి అంచు ఉండదు. రేపు రిఫండ్ కావాలంటే వస్తువు తిరిగి ఇవ్వాల్సిందే అని రూల్ పెడితే, రెండో అంతస్తు దిగలేని ముసలావిడకి కష్టం, ఆ ఫోటో చేసినవాడికి ఏం కాదు.

మీకు నిజంగా ఏదైనా వచ్చిందనుకోండి, ఇంకా తెరవకపోతే తెరవకండి, తెరిచేస్తే మిగిలింది పారెయ్యకుండా కవర్లో పెట్టి ఉంచండి, పురుగుంటే ఫ్రీజర్లో. బిల్లు, బ్యాచ్ నంబర్ కనపడేలా ఫోటో. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి. కంపెనీ వాడొచ్చి వస్తువు ఇచ్చెయ్యండి టెస్టు చేస్తాం అంటే మొత్తం ఇవ్వొద్దు, సగం మీ దగ్గరే ఉంచుకోండి, ఇచ్చినదానికి సంతకం పెట్టించుకోండి. ఈ మాట నేను ఉద్యోగంలో ఉండగా చెప్పి ఉంటే ఊడబీకేవాళ్ళు.

సరే, నేను చెప్పాల్సింది అయిపోయింది. ప్యాకెట్లు తెచ్చినవాళ్ళు ముందుకి రండి, విప్పకుండా అలాగే పట్టుకురండి, భూతద్దం నా సంచీలోనే ఉంది.