ఒకే పెట్టెలో రెండు గొంతులు

అందరికీ నమస్కారం.

ఈ గిటార్ స్పీకర్ల పెట్టెను, అంటే క్యాబినెట్‌ను, వెనక పలక విప్పే తీసుకొచ్చాను. లోపల రెండు పన్నెండు అంగుళాల స్పీకర్లు కనిపిస్తున్నాయి కదా. ఎడమ వైపుది సెలెస్టియన్ వింటేజ్ 30, కుడి వైపుది అదే కంపెనీ గ్రీన్‌బ్యాక్. చాలా ఏళ్ల కిందట నేను మొదటిసారి ఇలా రెండు వేర్వేరు స్పీకర్లు బిగించినప్పుడు శబ్దం పలచగా, బోలుగా వచ్చింది. బాస్ దాదాపు లేదు. విడివిడిగా బాగా పలికే రెండు స్పీకర్లు కలిస్తే ఇలా ఎందుకయిందో అర్థంకాక వారం రోజులు యాంప్‌నే, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే పరికరాన్నే, అనుమానించాను. చివరికి తేలిందేమిటంటే, ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయి. ఒక కోన్, అంటే స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి పొర, ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతోంది. ఒకటి నెట్టిన గాలిని ఇంకొకటి లాగేసుకుంటే బాస్ ఎక్కడి నుంచి వస్తుంది?

అప్పటి నుంచి ఏ స్పీకర్‌నైనా బిగించే ముందు ఒకటిన్నర వోల్ట్ బ్యాటరీ పెట్టి చూస్తాను. ప్లస్ టెర్మినల్‌కి బ్యాటరీ ప్లస్ తగిలించగానే కోన్ బయటికి కదలాలి. పాత జేబీఎల్ స్పీకర్లు కొన్ని దీనికి సరిగ్గా వ్యతిరేకంగా, లోపలికి కదులుతాయి. కాబట్టి టెర్మినల్ రంగును కాదు, కోన్‌ను నమ్మండి.

ఇక అసలు విషయం. స్పీకర్లు కలపాలనుకునే వాళ్లు ఎక్కువగా వాట్లు చూస్తారు, లేదా పేరు చూస్తారు. నేను ముందు చూడమనేది సెన్సిటివిటీ. ఒక వాట్ ఇచ్చి, ఒక మీటర్ దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నదే ఆ అంకె. వింటేజ్ 30కి 100, గ్రీన్‌బ్యాక్‌కి 98, అదే కంపెనీ ఇంకో స్పీకర్ జీ12టీ-75కి 97. చూడటానికి చిన్న తేడాలే. కానీ మూడు డెసిబెల్స్ తేడా అంటే యాంప్ పవర్‌ను రెట్టింపు చేసినంత. అంతకు మించి తేడా ఉంటే రెండు స్పీకర్లు కలవవు. గట్టిది పాడుతుంది, మెత్తది పక్కన నిలబడి ఉంటుంది. డబ్బు రెండింటికీ పెడతాం, వినేది ఒకదాన్నే.

నా మాట ఇది: గట్టితనంలో దగ్గరగా, గొంతులో దూరంగా ఉన్న స్పీకర్లు వెతకండి. ఒకే రకం గొంతున్న రెండింటిని కలిపితే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. వింటేజ్ 30 పై మిడ్స్‌లో, అంటే మధ్య స్వరాల పైభాగంలో, ముందుకు దూసుకొస్తుంది, బ్యాండ్ మధ్యలో కూడా గిటార్ వినబడుతుంది. కానీ ఒంటరిగా ఎక్కువసేపు వింటే కొందరికి చెవిలో గుచ్చుకుంటుంది. గ్రీన్‌బ్యాక్ అక్కడ మెత్తగా ఉండి, కింది మిడ్స్‌లో గరగరలాడుతుంది. ఒకదానిలో ఉన్న లోటు దగ్గరే రెండోదాని బలం ఉంది. జీ12టీ-75లో మిడ్స్ లోతుకు పోయి బాస్, ట్రెబుల్ పైకి వస్తాయి. అందుకే పన్నెండు అంగుళాల స్పీకర్లు నాలుగుండే 4×12 క్యాబినెట్లలో దాన్ని వింటేజ్ 30తో జత చేసేవాళ్లు చాలామంది. మ్యాచ్‌లెస్ డీసీ-30 లాంటి పేరున్న కాంబో (యాంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండేది) కూడా గ్రీన్‌బ్యాక్ తరహా స్పీకర్ ఒకటి, సెలెస్టియన్‌దే జీ12హెచ్ తరహాది ఒకటి పెట్టుకునే తయారైంది.

నాలుగు స్పీకర్లుంటే రెండు రకాలను ఎదురెదురు మూలల్లో, ఇంటూ గుర్తు ఆకారంలో పెట్టండి. పై వరుసలోనూ, కింది వరుసలోనూ రెండు గొంతులూ ఉంటాయి.

ఓమ్స్ దగ్గర, అంటే స్పీకర్ కరెంటుకు ఇచ్చే నిరోధం దగ్గర, మాత్రం ప్రయోగాలు వద్దు. రెండూ 8 ఓమ్స్ అయితే ప్యారలల్‌లో (రెండింటినీ విడివిడిగా యాంప్‌కి కలిపితే) 4, సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా కలిపితే) 16. ఒకటి 8, ఒకటి 16 పెట్టి ప్యారలల్ చేస్తే మొత్తం 5.3 వస్తుంది. మామూలుగా యాంప్‌కి అలాంటి అవుట్‌పుట్ ఉండదు. పైగా 8 ఓమ్స్‌ది రెండోదానికంటే రెండింతల పవర్ తీసుకుంటుంది. వాట్ల లెక్కలోనూ చాలామంది పొరబడతారు. 60 వాట్ల వింటేజ్ 30, 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ కలిస్తే 85 కాదు. ఓమ్స్ ఒకటే అయితే పవర్ సమానంగా పంచుకుంటాయి కనుక చిన్నదానికి రెండింతలు, అంటే 50 వాట్లే ఆ క్యాబినెట్ హద్దు. 50 వాట్ల ట్యూబ్ యాంప్‌ను పూర్తిగా పెంచితే 50 దాటి ఇస్తుంది కాబట్టి, ఈ పెట్టెకు నేను 30 వాట్ల యాంప్ మాత్రమే కలుపుతాను.

ఇక నాకు చాలా ఇష్టమైన సంగతి: కలిసిన శబ్దం పెట్టెలో ఉండదు, మీరున్న చోట ఉంటుంది. పన్నెండు అంగుళాల కోన్ ట్రెబుల్‌ను టార్చ్ వెలుగులా సూటిగా విసురుతుంది. ఎడమ స్పీకర్ ఎదుట నిలబడితే వింటేజ్ 30 ఎక్కువ వినిపిస్తుంది, రెండడుగులు జరిగితే గ్రీన్‌బ్యాక్. పక్కకు జరిగినప్పుడు ఒక స్పీకర్ నుంచి శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది. వెయ్యి హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 34 సెంటీమీటర్లు. దూరంలో తేడా అందులో సగమైతే ఆ స్వరం చాలావరకు చచ్చిపోతుంది. అందుకే నేను ఈ పెట్టెను నిలువుగా నిలబెట్టి వాయిస్తాను. స్పీకర్లు ఒకదాని మీద ఒకటి ఉంటే, హాలులో అటూఇటూ కూర్చున్న వాళ్లందరికీ దాదాపు ఒకే శబ్దం చేరుతుంది.

రికార్డింగ్‌లో సంగతి వేరు. ఒక స్పీకర్‌కి దగ్గరగా ఒకే మైక్ పెడితే మీరు కలిపిందేదీ రికార్డవదు, ఒక్క స్పీకరే అవుతుంది. రెండు మైకులు, రెండూ గ్రిల్ గుడ్డకు ఒకే దూరంలో పెట్టి, తర్వాత పాళ్లు కలుపుకోండి. ఆ పాళ్లు పాటను బట్టి మార్చుకోవచ్చు. మిశ్రమ క్యాబినెట్ నాకు ఎక్కువ పనికొచ్చింది స్టేజి మీద కంటే అక్కడే.

ఇప్పుడు గిటార్ ప్లగ్ చేస్తాను. మీరు తేడా వినాలని పెట్టెను అడ్డంగానే ఉంచాను. ఒకే రిఫ్ (చిన్న గిటార్ బాణీ) మూడుసార్లు వాయిస్తాను: ముందు ఎడమది ఒక్కటే, తర్వాత కుడిది, ఆ తర్వాత రెండూ కలిపి. నాలుగోసారి వైర్లు తారుమారు చేసి వాయిస్తాను, ఆ వారం నేను విన్నదేమిటో మీరూ వినండి. ఇంకొక్క మాట. మూడోసారి వాయించేటప్పుడు ఈ చివర కూర్చున్నవాళ్లు లేచి ఆ చివరకు నెమ్మదిగా నడవండి.